ఉట్టిలో మూడు ట్యూబులు

జూన్ 9, 1996, ఆదివారం

నిన్న ఆయన్ని బరంపురంలో సూరత్ రైలెక్కించి వచ్చాను. ఆయన అంటే జగ్గన్న. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్త కాసమ్మ నమ్మకం. రాస్తే తగ్గుతుందో లేదో ఆవిడ చెప్పలేదు, ఆవిడకి చదువూ రాదు. కాబట్టి ఇక్కడ నా ఇష్టం. జగ్గన్న, జగ్గన్న, జగ్గన్న.

ఈ పుస్తకం మా వీడియో హాల్లో ఏ రోజు ఏ సినిమా వేశామో రాయడానికి కొన్నది. మార్చి దాకా రాసి ఆపేశాడు. మిగిలిన పేజీలు నావి. సోంపేటలో పదో తరగతి చదివి, ఒరిస్సా ఒడ్డున గంజాం పక్కనున్న ఈ పొడంపేటకి కోడలిగా వచ్చాక నేను రాసింది ఉత్తరాలే, అవీ ఊళ్లోవాళ్ల కోసం. ఇది ఎవరికీ చూపించక్కర్లేదు.

వెళ్లేముందు జగ్గన్న నాకు మూడు అట్టపెట్టెలు అప్పజెప్పాడు. సినిమా మెషీనులో బిగించే ట్యూబులు, ఎరుపుకొకటి, పచ్చకొకటి, నీలానికొకటి. మూడు వెలుగులూ గుడ్డమీద కలిస్తే బొమ్మ. పాతవి మూడూ మసకేసి చివరికి ఆరిపోయాయని వీటిని మద్రాసు నుంచి తెప్పించాడు. ఇవి వచ్చేసరికి వానలూ వచ్చాయి, హాలు తాటాకులు విప్పేశాం. మెషీను బరంపురంలో వైకుంఠరావు గారి రిపేరు కొట్లో ఉంది. మా కొట్టు వానకి మునుగుతుందమ్మా, ట్యూబులు మాత్రం మీ ఇంట్లో పెట్టుకోండి అన్నాడు ఆ మహానుభావుడు. మా ఇల్లు కారదని ఎవరు చెప్పారో.

కార్తీకానికి ఈ మూడూ బతికుంటే హాలు మళ్లీ వేస్తాం, జగ్గన్న ఇంట్లో ఉంటాడు. లేకపోతే సూరత్ మగ్గాల మేస్త్రీ పర్మనెంటు చేస్తానన్నాడట, ఇక అక్కడే. పెళ్లయి మూడేళ్లు. అందులో ఆయన నా పక్కన ఉన్నది పదకొండు నెలలు. ఆ పదకొండులో అయిదు ఈ హాలు పెట్టాకే.

వైకుంఠరావు గారు చెప్పినవి మరిచిపోకముందే రాసుకోవాలి. ట్యూబు మొహం కిందికి, మెడ పైకి ఉండాలి. ఎత్తేటప్పుడు రెండు అరచేతులూ మొహం కింద పెట్టాలి. మెడ పట్టుకోకూడదు. చెమ్మ తగలకూడదు. లోపల గాలి ఉండదు, ఎక్కడ సన్నగా చిట్లినా గాలి దూరుతుంది, ఇంకంతే. మెడ మొదట్లో గాజులోంచి వెండిలా మెరిసే మచ్చ కనిపిస్తుంది. అది మెరుస్తుంటే ట్యూబు బతికున్నట్టు. తెల్లబడిందంటే పోయినట్టు.

జూన్ 10

మూడూ మెరుస్తున్నాయి.

జూన్ 12

రాత్రంతా వాన. పెట్టెల అట్ట అప్పుడే మెత్తబడింది. మంచం కింద పెడితే నీళ్లు వచ్చాయి. అటకమీద పెడదామంటే అక్కడ ఎండుచేపలు, వాటికోసం ఎలుకలు. పొయ్యి పక్కన పొగ. ఈ ఇంట్లో చేపకి చోటుంది, వలకి చోటుంది, మూడు గాజు బుడ్లకి లేదు.

అత్త ఉప్పులో పాతెయ్యమంది. ఉప్పులో పెట్టింది ఏదీ పాడవదట. వానాకాలంలో ఉప్పు ఎలా చెమరుస్తుందో హుమ్మా ఉప్పు మళ్ల పక్కన పుట్టిన ఆవిడకి నేను చెప్పాలా? చెప్పాను. పొద్దుటినుంచి మూతి ముడుచుకుని ఉంది.

జూన్ 15

ఇక్కడి ఒరియావాళ్ల రజ పండగ. ఊళ్లో ఆడపిల్లలంతా ఉయ్యాలలూగుతున్నారు. గంజాం నుంచి గాజుల చిట్టమ్మ వచ్చింది. నలభయ్యేళ్లుగా ఇసకలో గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి. నాకు రెండు డజన్లు వేసింది. ఒక్కటీ పగలకుండా ఎలా మోస్తావని అడిగితే, అదేదో నేను కొత్తగా పుట్టినట్టు చూసి నవ్వింది.

"బుట్ట తూలితే గాజు పగలదమ్మా. బుట్టలో కాళీ ఉంతే పగుల్తాది. దాన్ని కదలనీకు, అంతే" అంది.

ఈ ముక్క వైకుంఠరావు గారు చెప్పలేదు. ఆ అట్టపెట్టెల్లో ట్యూబు చుట్టూ జానెడు ఖాళీ ఉంది.

జూన్ 17

అయింది. చేతులు నొప్పులు, కానీ హాయిగా ఉంది. ఎలా చేశానో రాస్తాను, ఎవరికో కావాలని కాదు, నాకు గొప్పగా ఉంది కాబట్టి.

మిల్లునుంచి ఊక తెచ్చాను. మూకుట్లో వేసి చెమ్మ పోయేదాకా వేయించాను. ఊక వేయించే కోడల్ని చూడ్డానికి ఇరుగుపొరుగు వచ్చారు. చల్లారాక మూడు లోతు బుట్టల్లో అడుగున నాలుగు వేళ్ల మందం పరిచాను. ట్యూబుని పాత చీర ముక్కలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగి, మొహం కిందికి పెట్టి, చుట్టూ ఊక కూరాను. మెడ మాత్రం పైకి కనిపిస్తుంది, మచ్చ చూసుకోవాలి కదా. బుట్ట ఊపి చూశాను, కదల్లేదు. సెబాష్ కూర్మమ్మా అనుకున్నాను.

ఇంక ఎక్కడ పెట్టాలి? ఆ మాట అత్తే తేల్చింది. పెరుగుకుండ ఎక్కడ పెడతాం, ఉట్టిమీద. ఎలకా రాదు, చీమా రాదు, నీళ్లూ రావు. పాత వల నైలాను తాడుతో మూడు ఉట్లు గంటలో అల్లేసింది. దూలానికి కట్టాం. మూడు బుట్టలూ వరసగా వేలాడుతున్నాయి, నేను ముంగాళ్ల మీద నిలబడితే అందే ఎత్తులో. అత్త మీద నాకు కోపం పోయింది. ఆవిడకి నా మీద పోయిందో లేదో తెలీదు, చేపల పులుసు మాత్రం రెండుసార్లు వేసింది.

జూన్ 23, ఆదివారం

గంజాం ఎస్టీడీ బూతుకి నడిచి వెళ్లాను. నాలుగింటికి చేస్తానన్నవాడు అయిదున్నరకి చేశాడు. ముందు ట్యూబులెలా ఉన్నాయన్నాడు. తర్వాత అమ్మెలా ఉందన్నాడు. తర్వాత వాన పడుతోందా అన్నాడు. నాలుగోదాన్ని నేను. అప్పటికి టైము అయిపోయింది.

జూన్ 24

మెరుస్తున్నాయి.

జూన్ 26

మెరుస్తున్నాయి. పొద్దునా సాయంత్రమూ చూశాను.

జూలై 2

రోజూ చూడొద్దని అత్త అంటోంది. మూత తీసి తీసి చూస్తే అన్నం ఉడుకుతుందా అంటోంది. నాకు చూడకపోతే నిద్ర పట్టదు. ఎరుపుదీ పచ్చదీ కిందనుంచే కనిపిస్తాయి. నీలంది చివర చీకట్లో ఉంది, దాన్ని వంచి చూడాలి.

జూలై 11

ఇవాళ నా గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది.

పది రోజుల తర్వాత ఎండ కాసింది. నేను నీళ్లకి వెళ్లాను. వచ్చేసరికి వాకిట్లో చాపమీద ఎండుచేపలు, పక్కన వల, దాని పక్కన దుప్పట్లు, వాటి పక్కన మూడు ట్యూబులు ఎండలో నిలబడి ఉన్నాయి. ఊకంతా అత్త ఇంకో చాపమీద పరిచేసింది. కాకి ఒకటి పచ్చ ట్యూబు చుట్టూ తిరుగుతోంది. బిందె అక్కడే వదిలేశాను.

అత్త కర్ర పట్టుకుని కాకిని తోలుతూ, ఎండొచ్చినప్పుడు ఎండబెట్టనిది ఏదైనా బూజు పట్టకుండా ఉంటుందా అంది. రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తినట్టే ఎత్తానని చూపించింది. నేను నోటికొచ్చినట్టు అరిచాను. మళ్లీ ఊక వేయించి, అన్నీ సర్ది, ఉట్లలో పెట్టేసరికి దీపాల వేళయింది. మచ్చలు మూడూ మెరుస్తూనే ఉన్నాయి. అయినా వారం దాకా నమ్మకం లేదు.

జూలై 19

ఇవాళ ట్యూబుల జోలికి పోలేదు. ఒంట్లో బాగోలేదు.

జూలై 20

వాన.

జూలై 21, ఆదివారం

బూతుకి వెళ్లాను. అన్నీ బాగున్నాయని చెప్పాను. బాగానే ఉన్నాయి.

జూలై 24

నీలందాని మచ్చ కొంచెం పాలిపోయినట్టుంది. లాంతరు వెలుగులో అలాగే ఉంటుంది.

జూలై 25

మబ్బుగా ఉంది. సరిగ్గా కనిపించలేదు.

జూలై 27

పగటి వెలుతురులో చూశాను. తెల్లగా ఉంది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. నీలం ట్యూబు పోయింది.

ఎండబెట్టడం వల్లే. మెల్లగా పోతుందేమో, ఎండదెబ్బ తగిలిన మనిషి మూడు రోజులకి పడిపోయినట్టు. అత్తకి చెప్పేశాను, నువ్వు ఎండబెట్టబట్టే పోయిందని. ఆవిడ లేచి వెళ్లి ఉట్టి కింద నిలబడింది.

జూలై 30

అత్త అన్నం తినడం లేదు. గంజి తాగి లేస్తోంది. ఎండబెట్టినవాళ్లకి ఆ మాత్రం బాధ ఉండొద్దా అనుకున్నాను. అనుకున్నాను కానీ నాకూ తినబుద్ధి కాలేదు.

ఆగస్టు 6

ఊరంతా తెలిసిపోయింది. ఎవరు పలకరించినా అత్తే చెబుతోంది, నా కొడుకు మిషను నానే సంపేసినాను అని. ఒడ్డున వల బాగుచేసేవాళ్ల దగ్గర కూర్చుని మరీ చెప్పిందట. ఎందుకు చెప్పాలి ఇలా ఊరంతా? నోరు మూసుకుని ఉండొచ్చు కదా.

ఆగస్టు 11, ఆదివారం

అన్నీ బాగున్నాయని చెప్పాను.

ఆగస్టు 16

అత్త ఇవాళ నా ముందు కాగితం పెట్టింది. గంజాం వెళ్లి తనే కొనుక్కొచ్చింది, ఇన్లాండు లెటరు. జగ్గాకి రాయమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను.

"నాయినా జగ్గా. తప్పు నాది. ఎండ బాగుంది గదాని మీ ట్యూబులు నానే ఎండకెట్టినాను. నీలంది పోయింది. పిల్ల ఎంతో జాగర్తగా సూసుకుంది, దాన్నేటీ అనకు. నువ్వు ఒచ్చీ, నానేదో ఒక పని సేసుకుని నీకు కొత్తది కొనిస్తాను. ఇట్లు నీ అమ్మ."

చివర వేలిముద్ర వేస్తానంది. ఉత్తరానికి వేలిముద్ర అక్కర్లేదన్నాను. లేదు, నమ్మాలి కదా అని వేసింది.

పోస్టులో వేస్తానని నేను తీసుకున్నాను. నా పెట్టెలో ఉంది.

ఆగస్టు 18

నా చేత్తో అబద్ధం రాయడం నాకు అలవాటే, ఈ పుస్తకంలో నెలరోజులుగా అదే పని. కానీ ఆ ఉత్తరం వేరు. రెండు రోజులుగా పెట్టె తీసి ఆ వేలిముద్రే చూస్తున్నాను. ఇక్కడైనా నిజం రాయకపోతే నేనింక దేనికి?

జూలై 19న నా ఒంట్లో బాగానే ఉంది. మధ్యాహ్నం అత్త ఒడ్డుకి వెళ్లింది. నీలందాని మచ్చ కనిపించడం లేదని బుట్టని కిందికి దించకుండానే, ముంగాళ్ల మీద లేచి, ట్యూబుని పైకి లాగాను. దేన్ని పట్టుకుని? ఉట్టిలోంచి కుండని ఎలా తీస్తామో అలాగే. మెడ పట్టుకుని. పుట్టినప్పటినుంచి ఉట్టిలోది మెడ పట్టుకుని తీసిన చెయ్యి. ఆ చేతికి వైకుంఠరావు గారి మాట గుర్తు లేదు. చుట్టూ నేనే అంత గట్టిగా కూరాను కదా, ట్యూబు రాలేదు. కొంచెం మెలిపెట్టాను. టిక్కుమంది. తర్వాత సన్నగా సుయ్యిమని చప్పుడు, రెండు గుక్కల సేపు. నేను చూస్తుండగానే మచ్చ అంచులనుంచి తెల్లబడింది.

మళ్లీ ఊకలో నొక్కి పెట్టేసి, పడుకున్నాను.

అత్త రెండు చేతులతో ఎత్తింది. నేను మెడ పట్టుకున్నాను. చంపింది నేను.

ఆగస్టు 19

చెప్పేశాను. అత్త చేప తోముతోంది. ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను, పోస్టు చెయ్యని ఉత్తరం కూడా ఒళ్లో పెట్టాను. ఆవిడ కత్తి ఆపలేదు. రెండు చేపలు తోమేసింది. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి అంది, "ఉట్టిలోది మెడట్టుకోకుండా ఎవుళ్లు తీస్తారే? నానైనా అలగే తీద్దును."

నా ప్రాణం లేచివచ్చింది. ఆవిడ అక్కడితో ఆపితే బాగుండేది.

"అది సరే. నెల్లాళ్లు నాకు కూడు తిననీకుండా సేసినావు. దానికేటి సెప్తావు?"

తప్పయిపోయింది అన్నాను. తప్పని నాకూ తెలుసునంది. తోమిన చేపలు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. పులుసు నేనే పెట్టాను. పెట్టింది తినలేదు.

ఆగస్టు 20

అత్త మాట్లాడడం లేదు. న్యాయమే.

ఆగస్టు 22

మాట్లాడింది. ఆదివారం నాడు నువ్వే ఫోనులో నీ నోటితో చెప్పాలి, నేను పక్కన నిలబడతాను అంది. తర్వాత రెండు కంచాలు పెట్టి, మొన్నటి పులుసు బాగా కుదిరిందని కూడా అంది. అది ఎప్పుడు తిందో.

ఆగస్టు 25, ఆదివారం

అత్త బూతు గుమ్మంలో నిలబడింది. జగ్గన్న ఎప్పటిలాగే ముందు ట్యూబులెలా ఉన్నాయన్నాడు. నీలంది పోయింది, నేనే పాడుచేశాను, మెడ పట్టుకుని లాగాను, జూలైలోనే పోయింది, నీకు రెండుసార్లు అబద్ధం చెప్పాను అన్నాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

అటువైపు మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. మిల్లు పక్క బూతునుంచి చేస్తాడు. తర్వాత "సరే" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

తిరిగి నడుస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. ఇసకలో నడవలేక పట్టుకుందేమో.

సెప్టెంబరు 1

ఫోను రాలేదు. ఆరింటిదాకా కూర్చున్నాను.

సెప్టెంబరు 8

రాలేదు.

సెప్టెంబరు 15

రాలేదు. పర్మనెంటుకి ఒప్పుకునే ఉంటాడు. ఒప్పుకోనీ. ఎరుపుదీ పచ్చదీ మెరుస్తున్నాయి, ఎవరి కోసమో మరి. ఇప్పుడు వారానికి ఒక్కసారే, కిందనుంచే చూస్తున్నాను. ముట్టుకోవడం లేదు.

సెప్టెంబరు 17

ఎన్నాళ్లు బూతులో కూర్చోను? నీలం బుట్టని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి బరంపురం వెళ్లాను. చచ్చిన ట్యూబుని అంత పదిలంగా తీసుకెళ్లడం చూసి నాకే నవ్వొచ్చింది. ఛత్రపూర్ దగ్గర గోతుల్లో బస్సు ఎగిరెగిరి పడింది, పక్కనున్నావిడ బుట్టలో కోడిగుడ్లు రెండు పగిలాయి.

వైకుంఠరావు గారు దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు. ఇంక ఇది సీసాయేనమ్మా అన్నాడు. మెడలో వెంట్రుకలాంటి గీత చూపించాడు. తెలిసిందే, అయినా ఆ గీత మీద వేలు పెట్టి చూశాను.

తర్వాత బుట్టలో చెయ్యిపెట్టి ఊక నలిపి చూశాడు. ఇదెవరు చేశారన్నాడు. వేయించానని చెబితే నమ్మలేదు. సెప్టెంబరులో ఇంత పొడి సరుకు తన కొట్లోనే లేదట. గోతుల్లో వచ్చినా ఊగలేదే అని బుట్టని అటూ ఇటూ ఊపాడు. తన దగ్గర ఇంకో రకం మెషీనువి, మా దానికి పట్టనివి, మూడు పాత ట్యూబులున్నాయట, వచ్చే వానలకి అవి కూడా మీ ఉట్టిలో పెట్టరాదా అన్నాడు. చంపినదాని దగ్గరే దాస్తారా అన్నాను. ఆయన నవ్వలేదు. పాతికేళ్లలో తను ఏడు పగలగొట్టాడట, అందులో రెండు మెడ పట్టుకునే.

వచ్చేస్తుంటే చెప్పాడు, అసలు మాట.

"జగ్గన్న పోయిన ఆదివారం ఫోను చేశాడమ్మా. రెండు ట్యూబులతో బొమ్మ ఆడుతుందా అని అడిగాడు."

ఏమన్నారని అడిగాను. ఆడుతుంది, నీలం మాత్రం ఉండదు, తెల్లనిది పసుపు కొడుతుంది, ఆకాశం నల్లబడుతుంది అన్నాట్ట. విశాఖపట్నంలో ఒక నీలం ట్యూబు ఉందని ఈయన విన్నాడట, అది రావడానికి ఎండాకాలం అవుతుందట.

నాకు చెయ్యకుండా ఆయనకి చేశాడు. నాకు మండుకొచ్చింది. దారిపొడుగునా తిట్టుకున్నాను, దారిపొడుగునా సంతోషంగానే ఉంది.

సెప్టెంబరు 22, 29

రాలేదు. అయినా కూర్చున్నాను.

అక్టోబరు 13, ఆదివారం

ఫోను మోగింది. బూతు అతను నాకంటే ముందు లేచాడు.

ఈసారి ట్యూబుల మాట ఎత్తలేదు. ఎలాగున్నావన్నాడు. మూడేళ్లలో మొదటిసారి నేను మొదట వచ్చాను. బాగున్నానని చెప్పబోయి ఏడ్చాను. ఏడవకు, మేస్త్రీ రేపటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడన్నాడు.

"నువ్వేటంతావు కూర్మీ?" అన్నాడు.

ఇలాంటప్పుడు నీ ఇష్టం అనాలని మా అమ్మ నేర్పింది. మూడేళ్లుగా అదే అన్నాను. నీ ఇష్టం అన్న ప్రతిసారీ రైలెక్కాడు.

"ఒచ్చీ" అన్నాను. "బొమ్మ రెండు రంగుల్లో ఆడినా ఒచ్చీ. ఆడకపోయినా ఒచ్చీ. నాకు హాలు కాదు, నువ్వు కావాల."

బూతులో నలుగురున్నారు. విననీ. అటువైపు మళ్లీ మగ్గాల చప్పుడు. ఈసారి ఫోను పెట్టెయ్యలేదు. టైము అయిపోయేదాకా ఇద్దరం అలా పట్టుకునే ఉన్నాం.

అక్టోబరు 14

వస్తానని మాత్రం అనలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

నవంబరు 7

వచ్చాడు.

రాయడానికి ఏమీ తోచడం లేదు. చిక్కిపోయాడు. చెవులు కొంచెం మందగించాయి, నేను గట్టిగా మాట్లాడాలి. అది నాకు కష్టమేమీ కాదు.

నవంబరు 9

ఇవాళ అడిగాను, నెలన్నర ఎందుకు ఫోను చెయ్యలేదని. కోపమా అన్నాను. గోడకేసి చూస్తూ చెప్పాడు. కోపం రెండు రోజులేనట. తర్వాత సిగ్గట.

"ఫోను సేసిన పెతిసారీ ట్యూబులెలాగున్నాయనే అడిగినాను గదా. పోయిందని సెప్పడానికి నీకు బయమేసిందంటే తప్పెవులిది?" అన్నాడు.

తప్పు నాదే, కొంచెం నీది కూడా అన్నాను. ఒప్పుకున్నాడు. అత్త లోపలినుంచి తనదేమీ లేదని గుర్తుచేసింది.

నవంబరు 20

తాటాకులు కప్పారు. మెషీను బరంపురం నుంచి వచ్చింది, బిగించడానికి వైకుంఠరావు గారూ వచ్చాడు. ఎరుపుదీ పచ్చదీ నేనే బుట్టలు దించి, ఊక తోడి, రెండు అరచేతుల మీద ఎత్తి వైకుంఠరావు గారికి అందించాను. అయిదు నెలల వాన వాటికి తగల్లేదు. నీలం చోటు ఖాళీగా ఉంచి, దాని అద్దపు కంటికి నల్ల గుడ్డ కట్టాడు.

నవంబరు 24

కార్తీక పున్నమి. పొద్దున్న ఏట్లో అరటిదొప్పల పడవలు వదిలారు, సాయంత్రం మా హాలు మొదలైంది.

నేను వెనక నిలబడ్డాను. బొమ్మ పడింది. హీరో చొక్కా తెల్లగా ఉండాల్సింది, పసుపునీళ్లలో ముంచినట్టుంది. నాలుగో నిమిషంలో పాట వచ్చింది, సముద్రం ఒడ్డున. ఆకాశం చీకటి, నీళ్లు బురద పచ్చ. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కుర్రాడు డబ్బులు వెనక్కిమ్మన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి అసిరయ్య తాత గొంతు వినిపించింది. డెబ్బయ్యేళ్లు సముద్రం మీద గడిపిన మనిషి.

"మన సముద్రం నీలంగా ఎప్పుడున్నాదిరా? కూకో."

హాలంతా నవ్వింది. కుర్రాడు కూర్చున్నాడు. పాట అయ్యేసరికి అందరూ కలిసి పాడుతున్నారు. జగ్గన్న మెషీను పక్కనుంచి నాకేసి చూశాడు. చీకట్లో మొహం కనపడలేదు కానీ చూశాడని తెలుసు.

నవంబరు 30

వారంలో ఒక్కరోజు తప్ప అన్ని ఆటలూ నిండాయి. అత్త గుమ్మం దగ్గర కూర్చుని, ఈ బొమ్మకి నీలం ఉండదు, తెలిసే లోపలికి రండి అని అందరికీ ముందే చెబుతోంది. వద్దన్నా వినదు.

డిసెంబరు 3

వైకుంఠరావు గారి కబురు. విశాఖపట్నం నీలం ట్యూబు మాకే అన్నారట. ఏప్రిల్లో వస్తుంది. ఆయన పాత ట్యూబులు మూడూ దానితోపాటే పంపుతాడట. అంటే ఆరు, వచ్చే వానలకి దాచవలసినవి.

పొద్దున్నుంచి జగ్గన్న ఇంట్లో కర్రలు కోస్తున్నాడు. ఉట్లు వద్దట. గోడకి అర వేస్తున్నాడు, ఆరు గూళ్లతో, ఒక్కో గూడు ఒక్కో బుట్టకి సరిపడా. ముందు ఒక అడ్డకర్ర కూడా పెట్టాడు. పని బాగానే ఉంది. కానీ అర ఎక్కడ వేశాడయ్యా అంటే దూలం కింద, తన తలకి జానెడు పైన.

ముంగాళ్ల మీద లేచి చూశాను. వేళ్లు కూడా తగల్లేదు. కోపం వచ్చింది. ఆషాఢంలో ఇంటి కప్పు కారితే బుట్టలెవరు దించాలి, అత్త దించుతుందా? దీన్ని విప్పి కిందికి వెయ్యమన్నాను. నాకు అందదు అన్నాను.

ఆయన నోట్లో మేకులున్నాయి. తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"నీకెందుకందాల? తియ్యడానికి నానుంతాను గదా" అన్నాడు. ఇంకో మేకు కొట్టాడు.